వీధి లేని వీధి తలుపు

మే 9

ఇంజనీరమ్మ వచ్చి చూసి వెళ్ళింది. పొలం వైపు గోడ, మా మాటలో వీధి గోడ, కుంగుతోందని చెప్పింది.

నాకు ఇదేం కొత్త కాదు. వీధి తలుపు కింద రాసుకుంటోందని కొన్నేళ్ళుగా దాని అంచు చిత్రిక పడుతూనే ఉన్నాను. చెక్క ఉబ్బిందనుకున్నాను. ఎండాకాలంలో కూడా ఉబ్బిందనే అనుకున్నాను.

చిన్న పిల్ల, కానీ పని తెలిసిన పిల్ల. దారానికి గుండు కట్టి గోడ పక్కన వేలాడదీసి, నాకే చూపించింది. పైన గోడకి తగిలిన దారం కింద బెత్తెడు దూరంలో ఉంది. పాత కాలువ నీళ్ళు పునాదిలోకి ఊరుతున్నాయట. వానలు దిగేలోపు గోడ కింద కొంచెం కొంచెంగా తవ్వి రాయీ సిమెంటూ పట్టాలి. అందాకా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు.

ఆ గది వదినది, అంటే నా భార్య అక్కది. వదిన కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"నీకెన్నేళ్ళమ్మా?"

"ఇరవై ఏడండీ."

"మా గోడకి వందకి పైమాటే. నీ అంత తొందరగా ఏదీ చెయ్యదది."

ఇంజనీరమ్మ నవ్వింది గానీ మాట మార్చుకోలేదు. నాకు నచ్చింది.

మే 10

ఫాదరు గారు వచ్చారు. మన విచారణలో, అంటే ఈ చర్చి కిందికి వచ్చే ఊళ్ళన్నిటిలో, పాత ఇళ్ళ సంగతి నెలకొకటి చొప్పున చర్చి గుమ్మం పక్క పలక మీద అంటిస్తున్నారు. మన ఇల్లు చర్చికంటే పాతదట. నన్ను రాసిమ్మన్నారు.

"వదినని అడగండి" అన్నాను.

"అడిగాను. ఆవిడ చెబుతుంటే నా చెయ్యి పడిపోయింది. మీరైతే నాలుగు ముక్కల్లో తేలుస్తారు."

వద్దని చెప్పడానికి మాట దొరికేలోపు ఆయన వెళ్ళిపోయారు.

మే 12

ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను.

ఈ ఇల్లు నా భార్య వాళ్ళ ముత్తాత కట్టాడు. ఆయన ఎద్దుబండి తోలేవాడు. అప్పట్లో బండిదారి ఇప్పుడు పొలం ఉన్న వైపు నుంచి పోయేది. మిట్ట ఎక్కేముందు ఎడ్లు ఆగుతాయి కదా, ఆ ఆగే చోట ఇల్లు వేశాడు. మూట భుజాన పెట్టుకున్న మనిషి పక్కకి తిరగకుండా నేరుగా లోపలికి రాగలగాలని తలుపు వెడల్పుగా పెట్టించాడు. ఆ ద్వారబంధంలో ఒక్క మేకు లేదు. ఒక చెక్క నాలుక ఇంకో చెక్క నోట్లో దూరి, అడ్డంగా ఒక చీల. అంతే. చేసిన వడ్రంగి ఎవరో తెలీదు. నేను పుట్టకముందే పోయి ఉంటాడు. ఆయన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

తర్వాత ప్రభుత్వం వాళ్ళు కొత్త రోడ్డు వేశారు. అది ఇంటికి వెనక పడింది. వరసలో ఉన్న ఇళ్ళన్నీ తిరిగిపోయాయి. పాత తలుపులు ఇటికలతో మూసేసి కొత్త రోడ్డుకి కొత్త తలుపులు పెట్టుకున్నారు. మా ముత్తవ్వ ఒప్పుకోలేదు. "రోడ్డు ఎటు బుద్ధి పుడితే అటు తిరుగుద్ది. దాని వెనకాల ఇల్లు కూడా తిరగాలా?" అందట. అప్పటికి ముత్తాత లేడు. ఆవిడే ఇంటికి పెద్ద.

అలా ఊరంతటికీ ముందున్నది మాకు వెనక అయింది. రోడ్డు వైపుది మాకు పెరడు. పొలం వైపుది వీధి. అటు వీధి లేదు. అయినా వీధే.

ఇంటికి వచ్చేవాళ్ళు ఎవరైనా వంటింట్లోంచే రావాలి. పెళ్ళి మాటలకి వచ్చిన పెద్దమనుషులూ, పన్నులు వసూలు చేసే ఆఫీసరూ, ఇదివరకటి ఫాదరూ, అందరూ పొయ్యి పక్కనుంచి ఒదిగి, కూరగాయల బుట్ట దాటి వచ్చినవాళ్ళే. అలా వచ్చిన మనిషి లోపల బిగుసుకుని కూర్చోలేడు. పొయ్యి దగ్గరున్నవాళ్ళు ముందు "తిన్నారా" అని అడుగుతారు, ఆ తర్వాతే పనేమిటని. ఈ ఇంట్లో గొడవలు పెద్దవి కాకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

నేనూ అలాగే వచ్చాను, వడ్రంగి పని సంచీతో. మా అత్తగారు "వీధి తలుపు చూడు నాయనా, గడియ పడటం లేదు" అన్నారు. రోడ్డు మీద నుంచి వచ్చినవాణ్ణి, వచ్చిన తలుపే వీధి తలుపు అనుకుని బందులు ఊడదీసి రెక్క కింద పెట్టేశాను. ఆవిడ ఆ రోజంతా తలుపు లేని వంటింట్లోనే వంట చేశారు, ఒక్క మాట అనకుండా. ఆవిడ రెండో కూతురు మాత్రం లోపల గదిలో నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వింటూ పని నెమ్మదిగా చేశాను.

ఆ తర్వాత పెళ్ళయింది. నేను ఇక్కడే ఉండిపోయాను.

వీధి తలుపుకి ఇప్పుడు ఒకటే పని. ఇంట్లో ఎవరైనా పోతే అటు నుంచి తీసుకెళతారు. పాత బండిదారి సమాధుల దగ్గరికే పోతుంది. పొలం రైతు ఆ మేరకి పైరు వెయ్యకుండా వదిలేస్తాడు. వాళ్ళ నాన్న కూడా వదిలేవాడట. ఎవరూ అడగలేదు.

నా భార్యని కూడా అటే తీసుకెళ్ళాం. పెట్టె నేనే చేశాను.

ఫాదరుకి ఇంత ఇవ్వక్కర్లేదు.

మే 15

కూతురు ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చీరాగానే పెద్దమ్మతో మొదలుపెట్టింది. నేను పెరట్లో కొయ్య చెక్కుతున్నాను. అన్నీ వినబడ్డాయి.

"పెద్దమ్మా, మంచం మా గదిలోకి మార్పిస్తాను. గోడ మీద పడితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, పోతాను. తలుపు పక్కనే ఉంది కదా, మీకు మోత తప్పుద్ది."

"తలుపుకి ఏం కాదు. గోడ బాగుచేశాక మంచం మళ్ళీ అక్కడే పెట్టొచ్చు."

"మళ్ళీ పెడతారో పెట్టరో. గోడ జోలికి వచ్చినవాళ్ళు తలుపు జోలికి రారా? రేపు తలుపు తీసేసి మూసేస్తే నన్నెటు తీసుకెళతారు? వంటింట్లోంచా? పొయ్యి దగ్గర పెట్టె మలుపు తిరగదు. నిలబెట్టి తీసుకెళతారా, బీరువాలాగా?"

కూతురు నవ్వాపుకోలేక బయటికి వచ్చేసింది. కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వో మరొకటో నాకు తెలీలేదు.

వదిన పెళ్ళి చేసుకోలేదు. తన గది కిటికీ పక్కనే కూర్చుని చెల్లెలి పెళ్ళికి కుట్టింది, చెల్లెలి పురిటికి కుట్టింది, ఊళ్ళో బడిపిల్లలందరికీ కుట్టింది. మనిషి వంటింటి గుమ్మం దాటేలోపు కంటితోనే కొలత తీస్తుంది. అమ్మనీ నాన్ననీ అవ్వనీ చెల్లెల్నీ ఆ తలుపులోంచే సాగనంపింది. తను ఇంకో దారిన పోవడమంటే వాళ్ళ నుంచి విడిపోయినట్టే ఆవిడకి.

నేను కొయ్య చెక్కుతూనే ఉన్నాను. మాట్లాడాల్సింది.

మే 17

ఫాదరు నా కాగితం తిరిగి తెచ్చారు. బాగుందన్నారు. "కానీ బాబాయ్, వీధి అన్న చోటల్లా అది ఏ వైపో పక్కన రాయండి. నాకు చదువుతుంటే కళ్ళు తిరిగాయి."

అక్కర్లేదు, అందరికీ తెలిసిందే అన్నాను.

మే 19

పాత మేస్త్రీకి మోకాళ్ళు పోయాయి. మేనల్లుణ్ణి పంపుతానన్నాడు. అతనిది పక్క ఊరు. ఫోన్లో మాట్లాడాను. నాకు ఫోనంటే గొంతు పెగలదు. చెప్పాల్సింది ముందే లోపల అనుకుని, అనుకున్నది అనుకున్నట్టు చెప్పేశాను.

"వీధి వైపు గోడ. కింద కొంచెం కొంచెంగా తవ్వి రాయి పట్టాలి. సోమవారం నేనుండను, కర్రల కోసం మిల్లుకి పోతాను. మీరు మొదలుపెట్టండి."

"సరే పెద్దాయనా, మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నాడు. గొంతు మంచిగా ఉంది. పనివాడే అనిపించింది.

వదినకి చెప్పలేదు. చెబితే సోమవారం రానివ్వదు.

మే 22

మిల్లు నుంచి కర్రలతో వచ్చేసరికి సాయంత్రమైంది. లారీ మా ఇంటి దగ్గర ఆగలేకపోయింది. వంటింటి గోడ పొడవునా మట్టి గుట్టలు. గుమ్మం ముందు గోతి మీద పలక వేసి ఉంది.

పెరటి గోడ తవ్వేశారు.

మే 23

కొత్త మేస్త్రీ తప్పు విన్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

అతను తప్పు వినలేదు. వీధి అన్నాను, వీధి వైపే తవ్వాడు. రోడ్డు కనిపిస్తుంటే ఏ మనిషైనా అటే తవ్వుతాడు. ఈ ఇంట్లో తొలిరోజు నేను చేసిన పనే అతనూ చేశాడు. తేడా ఏమిటంటే అప్పుడు అత్తగారు చెప్పారు, ఇప్పుడు నేను చెప్పాను.

అతను చాలా బాధపడ్డాడు. పాపం, తల గోక్కుంటూ జరిగింది చెప్పాడు.

"మీ వదిన గారు పొద్దున్నే వచ్చి అడిగారండీ, ఏ గోడ అని. వీధి గోడండీ అన్నాను. 'వీధి గోడా?' అన్నారు. అవునండీ అన్నాను. 'ఎవరు చెప్పారు?' అన్నారు. మీ మరిది గారే ఫోన్లో చెప్పారన్నాను. రోడ్డు వైపు కాసేపు చూశారు. తర్వాత 'బాగా లోతుగా తవ్వు నాయనా' అని కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. మాకు టీ కూడా ఇచ్చారండీ."

లోపలికి వెళ్ళాను. వదిన సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"వదినా, మీకు తెలుసు కదా."

"ఏం తెలుసు?"

"అది పెరటి గోడని."

"పెరటి గోడే. నువ్వు వీధి గోడ తవ్వమన్నావు, వాళ్ళు పెరటి గోడ తవ్వారు. మీ మగాళ్ళ మధ్య నేనెవర్ని?"

"చెప్పొచ్చు కదా."

"నువ్వు నాకు చెప్పావా?"

దారం మొదటిసారే ఎక్కింది. ఈ వయసులో అంత నిలకడ చెయ్యి నాకు లేదు.

మే 24

ఇంజనీరమ్మ చూసి తల పట్టుకుంది. తర్వాత మేస్త్రీ తవ్విన తీరు చూసి, పని మాత్రం శుభ్రంగా ఉందంది. తెరిచిన పునాది తెరిచినట్టు వదలకూడదు. ఇటు రాయి పట్టి సిమెంటు ఆరాకే అటు తెరవాలి. రెండు వైపులా ఒకేసారి తెరిస్తే ఇల్లు దేని మీద నిలబడుతుంది?

అందాకా పొలం వైపు గోడకి బయట నుంచి కర్రలు పోటు పెట్టాను. లావు కర్రలు, ఏటవాలుగా, కింద పలకలు. మంచి పని. ఇక గోడ కదలదు.

మే 27

గోతి మీద పలక దాటి లోపలి గదికి రావడానికి ఆడవాళ్ళు భయపడుతున్నారు. కొలతలివ్వడానికి వచ్చి గుమ్మం అవతలే నిలబడి కేకలేస్తున్నారు. వదిన విసుక్కుని మిషను వంటింట్లోకి తెప్పించుకుంది. మేస్త్రీ మనుషులు ఇద్దరు పట్టుకొచ్చారు.

"నాలుగు రోజులకే" అంది, నావైపు వేలు చూపించి. "మంచం మాత్రం అక్కడే."

పగలంతా వంటింటి గుమ్మం దగ్గర కుడుతోంది. పని ఎలా జరుగుతోందో చూస్తోంది. మేస్త్రీకి ఇంటి కథ మొత్తం చెబుతోంది. ముత్తవ్వ రోడ్డు వాళ్ళతో పోట్లాడిన సంగతి ఇవాళ మళ్ళీ విన్నాను. ప్రతిసారీ ముత్తవ్వ ఇంకో మాట ఎక్కువ అంటుంది. ఇవాళ ఆవిడ రోడ్డు ఆఫీసరు గొడుగు లాక్కుందట.

మేస్త్రీ రాయి ముట్టుకునే ముందు తిప్పి తిప్పి చూస్తాడు. ఏ ముఖం పైకి ఉండాలో రాయే చెబుతుందన్నట్టు. చూస్తూ కూర్చోవచ్చు.

మే 30

పెరటి గోడ పని అయిపోయింది. ఇంజనీరమ్మ పునాది మీద నిలబడి గెంతింది. "ఈ గోడ ఇంకో వందేళ్ళు అడగక్కర్లేదండీ" అంది. తప్పు గోడ బ్రహ్మాండంగా వచ్చింది.

ఎల్లుండి అటు మొదలు.

జూన్ 1

వాన. ముందే దిగింది.

జూన్ 2

వాన.

కర్రలు చూసి వచ్చాను. బాగానే ఉన్నాయి. కింద పలకలు కొంచెం మట్టిలోకి దిగాయి, అంతే.

జూన్ 3

మధ్యాహ్నం గోడ పడిపోయింది.

నేను పక్క షెడ్డులో ఉన్నాను. ముందు చిన్న చప్పుడు, గోనెసంచి దించినట్టు. తర్వాత పెంకుల చప్పుడు. వదిన మధ్యాహ్నం కాసేపు మంచం మీద నడుం వాలుస్తుంది. ఎలా పరిగెత్తానో తెలీదు. గదిలోకి వెళితే గది లేదు. ఎదురుగా పొలం, వాన. మంచం మీద పెంకులూ మట్టీ. అరిచాను. ఎన్నిసార్లు అరిచానో. పెంకులు చేతుల్తో లాగేస్తున్నాను.

"ఎందుకంత అరుపు?" అని వెనక నుంచి వినబడింది.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. మెళ్ళో కొలత టేపు. ఆవిడ వెనక ఫాదరు, సగం కుట్టిన అంగీ ఒక చేతికి వేసుకుని. ఆయన అంగీ భుజాలు సరిచేయించుకోవడానికి వచ్చారు. వంటింట్లో కొలుస్తోందట. చప్పుడు వినగానే ఫాదరు కింద కూర్చుండిపోయారట. వదిన భుజం కొలత పైకి చదివి, "గుర్తుంచుకోండి ఫాదర్" అని చెప్పి అప్పుడు వచ్చింది.

నా చేతులు చూసింది. వేళ్ళు కోసుకుపోయాయి. తన దగ్గరున్న గుడ్డ ముక్క చించి కట్టింది. అప్పుడు గోడ ఉన్న వైపు చూసింది.

గోడ పొలంలోకి వెల్లకిలా పడింది. దూలం పక్క గోడల మీద ఆగింది. ద్వారబంధం ఒక్కటే అలాగే నిలబడి ఉంది, అటు గోడ లేదు, ఇటు గోడ లేదు. తలుపు రెక్కలు మూసే ఉన్నాయి. గడియ కూడా వేసే ఉంది.

వదిన మళ్ళీ మాట్లాడలేదు.

జూన్ 4

మాట్లాడలేదు.

జూన్ 5

కూతురు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. పెద్దమ్మకి తల దువ్వింది. "ఏదన్నా ఒక మాట అను పెద్దమ్మా, తిట్టయినా పరవాలేదు" అంది. లేదు.

మేస్త్రీ పని లేకపోయినా వచ్చి పెంకులు ఏరి వరసగా పేర్చి వెళ్ళాడు. కూలి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ రోజు గోడ సరిగ్గా తవ్వి ఉంటే మిషను ఆ గదిలోనే ఉండేది. ఆవిడ అక్కడే ఉండేది. లేదా గోడ పడేదే కాదు. రెండూ నిజమే. ఎటు ఆలోచించినా రెండోది మళ్ళీ వస్తోంది.

జూన్ 7

వాన తెరిపిచ్చింది. పొద్దున వదిన చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తన గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. ఎటు నుంచైనా పొలంలోకి దిగొచ్చు, గోడే లేదు కదా. ఆవిడ మాత్రం గడియ తీసి, రెండు రెక్కలూ తెరిచి, గుమ్మం దాటింది. మట్టి గుట్ట మీద కాలు జారకుండా చెయ్యి అందించాను. పట్టుకుంది.

పైరు వెయ్యని దారి మీద కొంచెం దూరం నడిచింది. ఆగి వెనక్కి తిరిగింది.

నేనూ తిరిగాను. కర్రలు పెట్టినప్పుడు ఇక్కడే నిలబడ్డాను, పెళ్ళయిన కొత్తలో కూడా నిలబడి ఉంటాను. కానీ ఇలా చూడలేదు. మధ్యలో ముత్తాత కట్టిన గది. దానికి అటూ ఇటూ ఒక్కో తరం వేసుకుంటూ పోయిన గదులు. ఒక్కో కప్పు ఒక్కో ఎత్తు. ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి ఫోటో కోసం నిలబడ్డట్టు ఉంది. మధ్య ముఖం పడిపోయినా మిగతా వాళ్ళు కదల్లేదు.

"ఇంత పెద్దదా" అంది వదిన.

నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

"పెద్దదే" అన్నాను.

"ఈ తలుపులోంచి బయటికొచ్చినప్పుడల్లా నేల చూస్తూనే నడిచాను. ముందు పెట్టె. వెనక నేను. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్ళం. ఎప్పుడూ తల ఎత్తలేదు." కప్పులన్నీ ఒక్కొక్కటిగా చూసి మళ్ళీ అంది. "మా ముత్తవ్వ దీన్ని చూసే ఉంటుంది. అందుకే తిప్పనివ్వలేదు."

చాలాసేపు నిలబడ్డాం. పొలం రైతు దూరం నుంచి చూసి, ఏమయిందోనని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆవిణ్ణి నిలువునా చూసి, "అమ్మయ్య, నడిచే వచ్చారు" అన్నాడు. వదిన వాడి చొక్కా భుజం పిగిలిందని చూపించి, తెచ్చిస్తే కుట్టి ఇస్తానంది.

జూన్ 9

ఇంజనీరమ్మ కాగితం మీద గీసి చూపించింది. వంటింట్లోనే కూర్చున్నాం అందరం. కొత్త గోడ కొంచెం లోపలికి జరిపి గట్టి నేల మీద వెయ్యాలి. అక్కడితో ఆగింది.

"చెప్పమ్మా" అంది వదిన.

"ఆ గోడకి తలుపు పెట్టలేమండీ. బయట నేల మెత్తన. మెట్టు నిలవదు. తలుపంత ఖాళీ వదిలితే గోడకి బలం ఉండదు. కిటికీ పెట్టుకోవచ్చు. మీ మిషనుకి వెలుతురు ఇదివరకటికంటే బాగుంటుంది." తల దించుకుని ఆఖరి మాట చెప్పింది. "మీకు ఆ తలుపు ఎందుకు కావాలో మీ అమ్మాయి చెప్పారండీ. పెట్టగలిగితే పెట్టేదాన్ని."

కూతురు నావైపు చూసింది. నేను నా చేతికట్టు వైపు చూశాను.

"పెట్టకూడదంటే పెట్టొద్దు" అంది వదిన.

ఇంజనీరమ్మ తల ఎత్తింది.

"ఇటువైపు గోడ గట్టిగా వచ్చిందన్నావు కదా? గెంతావు కూడా."

"వచ్చిందండీ."

"ఈ వంటింటి తలుపు వెడల్పు చేస్తే తట్టుకుంటుందా?"

"పైన దూలం వేస్తే తట్టుకుంటుందండీ. కింద పునాదికి ఢోకా లేదు."

వదిన మా ముఖాలన్నీ వరసగా చూసింది, బడిపిల్లల్ని చూసినట్టు.

"ఈ ఇంటికి వచ్చినవాళ్ళంతా ఇటే వచ్చారు. మా అమ్మ కాపురానికి ఇటే వచ్చింది. మరిది ఇటే వచ్చాడు, వచ్చి ఈ తలుపే ఊడబీకాడు. అందరూ వచ్చిన దారిన నేను పోతే తప్పేంటి? మలుపు తిరగాలి, అంతే. మరిదీ, కొలువు."

కూతురు లేచి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. టీ అప్పటికే కాగిపోయింది. అయినా చాలాసేపు అక్కడే ఉంది.

జూన్ 12

ద్వారబంధం తీశాను. నేనూ మేస్త్రీ కలిసి. చీలలు మెల్లగా తట్టగానే వచ్చేశాయి, ఎవరో నిన్న కొట్టినట్టు. లోపలి చెక్క ఇంకా ఎర్రగా ఉంది. ఎక్కడా పురుగు లేదు. మేస్త్రీ ఆ అతుకు చూసి చాలాసేపు వేలు పెట్టి తడిమాడు. "ఇలాంటివాళ్ళు ఇప్పుడున్నారా పెద్దాయనా?" అన్నాడు. లేరన్నాను.

దాన్నే వంటింటికి పెడుతున్నాను. కొత్తది కొనే పని లేదు.

జూన్ 14

ఫాదరు కొత్త అంగీ వేసుకుని వచ్చారు. భుజాలు అతికినట్టు సరిపోయాయి. నా కాగితం మళ్ళీ అడిగారు. వీధి ఎటో ఇప్పుడు నాకే తెలీడం లేదు, వచ్చే నెల రాసిస్తానన్నాను. ఇంత పొడుగు మాట నా నోట విని ఆయన ఆశ్చర్యపోయినట్టున్నారు.

జూన్ 18

చిక్కొచ్చింది. పాత ద్వారబంధం వెడల్పు ఎక్కువ. గోడకీ పొయ్యికీ మధ్య పట్టదు. రాత్రంతా లెక్కవేసి, పొద్దున రెండు వైపులా కొంత కోసి మళ్ళీ అతకాలని గీత గీశాను. ఇలాంటి చెక్క మీద రంపం పెట్టాలంటే చెయ్యి రాదు. రంపం పదును చూస్తూ కూర్చున్నాను.

వదిన మిషను ఆపి చూస్తోంది.

"ఏం గీత అది?"

చెప్పాను.

"కొయ్యకు. పొయ్యి జరుపుదాం."

"పొయ్యి జరపడం పెద్ద పని వదినా. పొగగొట్టం కూడా మార్చాలి. అయినా మీకు ఇంత వెడల్పు ఎందుకు, మీరు సన్నంగా ఉంటారు."

అనేశాక నాకే భయం వేసింది. ఆవిడతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

వదిన నన్ను కింది నుంచి పైదాకా చూసింది. కొలత తీసే చూపు అది. నాకు తెలుసు.

"నా సంగతి సరే" అంది. "నువ్వు కూడా ఇటే కదా పోవాలి."

మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

రంపం పక్కన పెట్టాను. మేస్త్రీకి ఫోన్ చేశాను. పొయ్యి జరపాలి, రమ్మన్నాను.